కేటలాగు చెప్పని వేడిమి

విద్యుద్వాహనమునకు శక్తి నింపు చార్జరు నానాటికి చిన్నదగుటకు కారణమేమని విచారించునప్పుడు, గాలియం నైట్రైడు, సిలికాన్ కార్బైడు స్విచ్చులను అందరును పొగడుదురుగాని, ఆ స్విచ్చుల ప్రక్కనే యుండి, క్షణమునకు లక్షలమార్లు దిశ మార్చుకొను అయస్కాంత క్షేత్రమును మోయుచు వేడెక్కుచున్న ట్రాన్స్‌ఫార్మరు ఊసు ఎవరును ఎత్తరు. తీగ చుట్టుటకు మారుగా సర్క్యూట్ బోర్డుమీదనే రాగిని పొరలుపొరలుగా పరచి, పైనను క్రిందను ఫెర్రైటు దిమ్మలను (కోరును) తొడిగిన ఈ ప్లేనార్ ట్రాన్స్‌ఫార్మరు పలుచనిది, వేడిని సులువుగా విడుచునది; కాని అది పుట్టించు నష్టమెంతయో ముందుగా గణించుట మాత్రము నేటికిని చిక్కు సమస్యయే.

ఇనుమునందలి శైథిల్య (హిస్టరిసిస్) నష్టము అభివాహ సాంద్రతయొక్క 1.6వ ఘాతము ననుసరించునని స్టైన్‌మెట్జ్ 1892లో ప్రతిపాదించెను. పౌనఃపున్యమునకు వేరొక ఘాతమును చేర్చి ఆ సూత్రమునే నేటి ఇంజనీర్లు వాడుచున్నారు. అయితే ఫెర్రైటు కేటలాగులలోని నష్టరేఖలు సాధారణముగా సైన్ తరంగముతో కొలిచినవి. చార్జరులోని కన్వర్టరు కోరుకు తగులునదో చతురస్రాకార వోల్టేజి, దానిపై అనేక పర్యాయములు డీసీ భారము (బయాస్). సల్లివన్ ప్రభృతులు 2002లో ఆ సూత్రమును ఏ తరంగమునకైనను అన్వయించునట్లు సవరించిరి, మెచ్చదగిన పనియే. అయినను డీసీ భారము వలని మార్పు దానికిని అందలేదు.

రాగి కథ ఇంతకన్న జటిలము. 50 హెర్ట్జుల వద్ద రాగిలో 9 మిల్లీమీటర్ల లోతునకు చొరబడు ప్రవాహము, పది లక్షల హెర్ట్జుల వద్ద 66 మైక్రానులకే పరిమితమై ఉపరితలమునకు చేరును. పొరుగు పొరల క్షేత్రమువలన కలుగు అదనపు నష్టమును 1966లో డోవెల్ చక్కగా గణించెను. కాని క్షేత్రము పొరలకు సమాంతరముగనే పోవుననియు, కోరు నడుమ తీగచుట్టకు విడిచిన ఖాళీ (కిటికీ) వెడల్పంతయు రాగి నిండియుండుననియు ఆయన ఊహ. ప్లేనార్ నిర్మాణమున కోరు నడుమ విడిచిన గాలిసందు వద్ద క్షేత్రము గట్టు తెగిన కాలువవలె బయటికి పొంగి, రాగి పట్టీ విశాలముఖమునకు లంబముగా గ్రుచ్చుకొనును. అంతట ఆ పట్టీ వెడల్పునందే సుడిప్రవాహములు తిరుగును. ప్రైమరీ, సెకండరీ పొరలను ఒకటి విడిచి యొకటిగా పేర్చినచో రాగి నష్టము తగ్గునుగాని, వాటి నడుమ కెపాసిటెన్సు పెరుగును.

ఇట్టిచోట సూత్రమును నమ్ముటకన్న కొలుచుట మేలని నా అభిప్రాయము. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము వారు మాగ్‌నెట్ పేర బహిరంగముగా విడుదల చేసిన కోరు నష్టపు కొలతలు నాకు వాటిపై నిర్మించు యంత్రాభ్యాస నమూనాలకన్న విలువైనవిగా తోచుచున్నవి. అయితే మన ఇంజనీరింగు కళాశాలలలో కొలతలకు గాక సాఫ్ట్‌వేరు చిత్రములకే మార్కులు పడుచున్నవి. విద్యుత్ కొలతలో వోల్టేజికి కరెంటుకు నడుమ దశాభేదము రవంత తప్పినను నష్టము లెక్క తారుమారగును గనుక, ఉష్ణమునే నేరుగా కొలుచు కెలోరిమీటరును విద్యార్థులచేత నిర్మింపజేయవచ్చును. తయారీదారులు సైతము చతురస్ర తరంగము క్రిందను, డీసీ భారము క్రిందను, వేర్వేరు ఉష్ణోగ్రతలయందును కొలిచిన నష్టములను కేటలాగులో చేర్పవలెను.