మా బడి శాతం చదివినవాళ్లారా, మా పిల్లల లెక్క కూడా చదవండి

అచ్చంపేట మండలం తల్లిదండ్రులకు,

పది ఫలితాలొచ్చాక జరిగిన మీటింగులో మా ఊరి బడి శాతాన్ని మైకులో చదివారు. చదివిన పెద్దమనిషి కాగితం మడిచి, "ఈ బడిని పెద్ద బడిలో కలిపేస్తే పీడ పోద్ది" అన్నాడు. పరీక్ష తప్పిన అమ్మాయి ముందు వరసలోనే కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఈ కరపత్రం అప్పుడు రాయడం మొదలుపెట్టాను.

మాది చిన్న బడి. ఎనిమిది మంది పరీక్ష రాసి ముగ్గురు తప్పితే 62.5 శాతం. రెండొందల మంది రాసే బడిలో అదే ముగ్గురు తప్పితే 98.5 శాతం. అక్కడ ఫ్లెక్సీ కడతారు, ఇక్కడ తాళం వేస్తామంటారు. 2025లో రాష్ట్రం మొత్తం మీద 19 బడుల్లో ఒక్కరూ పాసవలేదని పేపర్లన్నీ రాశాయి. ఆ ఒక్కో బడిలో ఎంతమంది రాశారు, వాళ్లెవరి పిల్లలు అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

ఇక అసలు సంగతి. 2025లో పరీక్షలు మార్చి 17న మొదలయ్యాయి. మార్చి అంటే మన దగ్గర మిరప కోతలు. తెల్లారకముందే అమ్మానాన్నా కోతకు పోతే చంటివాణ్ణి ఎత్తుకునేది పదో తరగతి పిల్లే. సాయంత్రం కల్లంలో తాలు కాయలు ఏరేదీ ఆ పిల్లే. ఆ ఘాటు అంటిన చేతులతో కళ్లు నులుముకుంటూ లెక్కలు చేసుకుంటుంది. సంక్రాంతి దాటితే కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు పిల్లాజెల్లాతో మన చేలకు దిగుతాయి. ఆ పిల్లల పేర్లు అక్కడి రిజిస్టర్లో, చేతులు ఇక్కడి మిరప చెట్ల మీద. వాళ్లు తప్పితే అక్కడి బడికి చెడ్డపేరు, మనవాళ్లు తప్పితే మన బడికి. పిల్లల్ని పనికి దించిన మేస్త్రీకి, కోయించుకున్న రైతుకు మాత్రం ఏ శాతమూ అంటదు. నేనూ రైతునే. ఆ మాట నాకూ తగులుతుంది.

మమ్మల్ని ఎవరితో పోలుస్తున్నారు? గురుకులాలతో! 2025లో రాష్ట్రం మొత్తం 81.14 శాతం పాసైతే, ఏపీ రెసిడెన్షియల్, బీసీ సంక్షేమ గురుకులాల్లో 95.02. తాడికొండ గురుకుల బడి 1972లో పెట్టిన నాటి నుంచీ మన ప్రాంతానికి గర్వకారణం, నాకూ గౌరవమే. కానీ ఆ బడి ప్రవేశపరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుంటుంది, మూడు పూటలా అన్నం పెడుతుంది, రాత్రి స్టడీ అవర్లో కూర్చోబెడుతుంది. ప్రవేశపరీక్ష నెగ్గిన చురుకైన పిల్ల మా ఊరి నుంచి ఐదో తరగతికే గురుకులానికి వెళ్లిపోతుంది. ఆమె మార్కులు వాళ్ల ఖాతాలో పడతాయి. సీటు రాని ఆమె తమ్ముడు మా దగ్గర మిగులుతాడు.

అంతకన్నా దారుణం మరొకటుంది. తొమ్మిదిలో వెనకబడ్డ పిల్లవాడి చేతిలో టీసీ పెట్టి పంపేసే ప్రైవేటు బడులున్నాయి. అప్పటిదాకా ఫీజు కట్టించుకుంటారు, పరీక్ష దగ్గరపడగానే వదిలించుకుంటారు. వాడు ఏడుస్తూ వచ్చేది మా బడికే. మా మాస్టార్లు కాదనరు, కాదనకూడదు. వాడు తప్పితే మాకు సున్నా, వాళ్లకు నూటికి నూరు! ఇది చదువులో గెలుపు కాదు, ఏరివేత. మన కల్లంలో తాలు ఏరినట్టు పిల్లల్ని ఏరుతున్నారు.

ఈ ఏరివేత గురించి అడిగేది మనమొక్కరమే కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1991లోనే చార్టర్ స్కూళ్లకు చట్టం చేసింది. సర్కారు డబ్బుతో వేరే యాజమాన్యాలు నడిపే బడులవి. ఫలితాలు బాగున్నాయని ఎవరన్నా అంటే, ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని పంపేశారు అని అక్కడివాళ్లు ఈనాటికీ నిలదీస్తూనే ఉన్నారు. ఆ ప్రశ్న మనం అడిగితే తప్పా?

టీచర్లు చెప్పడం లేదంటారు కొందరు. మా బడికి ఒక్కరోజు వచ్చి చూసి అప్పుడు అనండి. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదంటారు. కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో శ్రద్ధను ఏ కొలతతో కొలుస్తారు?

కలిపేయడం మనం చూడనిదీ కాదు. 2022లో జీవో 117 పేరుతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ప్రాథమిక బడుల నుంచి హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవోనే పక్కన పెట్టారు. ఈ మధ్యలో ప్రైవేటు బడి ఆటో ఎక్కిన పిల్లల్ని తిరిగి ఎవరు తెస్తారు?

మేం అడిగేది ఇది. శాతం ప్రకటించే ప్రతి బడీ, సర్కారుదైనా ప్రైవేటుదైనా, దాని పక్కనే పిల్లల లెక్క రాయాలి: ఆరులో చేరిందెందరు, పది దాకా మిగిలిందెందరు, టీసీ ఇచ్చి పంపిందెందరిని, మధ్యలో చేర్చుకుందెందరిని, వాళ్ల ఇంట్లో మొదటిసారి పది రాసేవాళ్లెందరు. పిల్లల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఆ లెక్క గోడ మీదికి వచ్చేదాకా ఏ చిన్న బడి జోలికీ రాకూడదు. ఇక సీజనల్ హాస్టల్. సమగ్ర శిక్ష పథకంలో అందుకు వీలుంది. వలస పోయే కుటుంబాల పిల్లల కోసమే పెట్టిన ఏర్పాటది. మన పిల్లలకూ, వలస వచ్చినవాళ్ల పిల్లలకూ అచ్చంపేటలో పరీక్షలయ్యేదాకా అన్నం, పడక, రాత్రి చదువు దొరకాలి.

సంతకాల కాగితం మా బడి దగ్గర ఉంది. నిశానీ అయినా సరే, వచ్చి వేయండి. అందరం కలిసే ఎంఈవో ఆఫీసుకు వెళ్దాం. సంక్రాంతికి కోతలు ఊపందుకుంటాయి. హాస్టల్ తలుపు డిసెంబరులోనే తెరుచుకోవాలి.

ఇట్లు,
తల్లిదండ్రుల కమిటీలో ఒక సభ్యుడు, అచ్చంపేట మండలం