వేడినీటి బుగ్గలో మునగరాదు, కూర్చోవాలి

కీళ్లనొప్పులతో బాధపడే పెద్దలను వెంటబెట్టుకొని మణికరణ్‌కో, రాజగిర్‌కో, బొంబాయి దాపునున్న వజ్రేశ్వరికో ప్రయాణం కట్టే కుటుంబాలు మన హన్మకొండ, వరంగల్లు పట్టణాలలో తక్కువేమీ కాదు. ఆ ఖర్చును, ఆ వయసులో రైలు బడలికను తలచుకున్నప్పుడల్లా నాకొక ప్రశ్న కలుగుతుంది. గోదావరి గట్టున భూమి తనంతట తానే నీళ్లు కాచి ఇస్తుండగా, అక్కడ ఒక మంచి స్నానశాల, దాని చుట్టూ ఒక చిన్న ఊరు ఎందుకు వెలయలేదు? వెలిస్తే ఎట్లా వెలయాలి? ఈ రెండవ ప్రశ్నే నాకు ముఖ్యం.

భద్రాచలానికి సుమారు 8 కిలోమీటర్ల దూరాన గుండాల ఉన్నది. (ఇదే పేరుతో మండలం మరొకటి ఉన్నది, అది వేరు.) అక్కడ ఏటి ఒడ్డున ఇసుకలో చెలమ తీస్తే వేడినీరు ఊరుతుంది. త్రిమూర్తులు చలికాలంలో ఇక్కడ స్నానమాడారని ప్రతీతి. ఇక ఏటూరునాగారం, మంగపేట మీదుగా మణుగూరు వెళ్లినవారికి పగిడేరు దగ్గర బోరుబావిలో నుండి వచ్చే వేడినీరు కనబడుతుంది. 1953లో ఖమ్మం విడిపోకముందు మణుగూరు ప్రాంతం వరంగల్లు జిల్లాదే. కనుక ఈ నీరు మనకు పరాయిది కాదు.

గంధకం వలన నీరు కాగుతుందని చాలామంది నమ్ముతారు. అది సరికాదు. గోదావరి లోయ ప్రాచీనకాలంలో లోతైన పగుళ్ల నడుమ నేల కుంగి ఏర్పడినది. సింగరేణి బొగ్గు పొరలు నిలిచినది కూడ ఆ కుంగిన నేలలోనే. వాననీరు ఆ పగుళ్ల వెంట దిగిపోతుంది. లోతుకు పోయినకొద్దీ, కిలోమీటరుకు ఇంచుమించు 25 నుండి 30 డిగ్రీల చొప్పున భూమి వేడెక్కుతుంది. అక్కడ కాగిన నీరే మరొక పగులు వెంట పైకి వస్తుంది. కొన్ని ఊటలలో వచ్చే గంధకపు వాసన ఆ దారిలో కరిగించుకొని తెచ్చుకొన్నది మాత్రమే.

గుండాల పట్నం కాలేకపోవడానికి కారణం గోదావరే అని నా అభిప్రాయం. భద్రాచలం వద్ద నది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు పెరిగింది. ఆ ఒడ్డున ఏ సత్రం నిలుస్తుంది? ఈనాడు తీసిన చెలమ రేపటి వరదతో పూడిపోతుంది. కనుక స్నానశాల కట్టదలచినవారు ఒడ్డును విడిచి, పగిడేరు వంటి చోటును చూడాలి.

పగిడేరులో సింగరేణి సంస్థ 2022 నాటికి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప విద్యుత్కేంద్రాన్ని నెలకొల్పింది. నీటి వేడితో, తక్కువ వేడికే మరిగే మరొక ద్రవాన్ని ఆవిరి చేసి, ఆ ఆవిరితో యంత్రాన్ని తిప్పే పద్ధతి అది. 20 కిలోవాట్లంటే ఐదు హార్సుపవరు వ్యవసాయ మోటార్లు ఐదింటికి సరిపడే శక్తి. అంతకు మించి ఆశపడనక్కరలేదు. అయితే యంత్రం దాటిన నీటిలో వేడి పూర్తిగా పోదు. ఐస్‌లాండులో 1976లో మొదలైన స్వార్ట్‌సెంగి విద్యుత్కేంద్రం వదలిన వెచ్చని నీరు మడుగుగా నిలిచింది. 1981లో సోరియాసిస్ రోగి ఒకరు అందులో స్నానం చేసి ఉపశమనం పొందారు. నేడు లోకమంతా ఎరిగిన బ్లూ లగూన్ విడిది ఆ మడుగే. పగిడేరులో అంత వైభవం కాకున్నా, పది తొట్లున్న స్నానశాల అసాధ్యమని నేననుకోను.

ఇక ఎట్లా వెలయాలన్న మాట. మనదేశంలో వేడినీటి ఊటలు చాలావరకు పుణ్యతీర్థాలైనాయి. పుణ్యతీర్థమనగానే మూడు మునకలు. ఇక్కడే నా అభ్యంతరం.

వాగ్భటుడు అష్టాంగహృదయంలో, మెడకు దిగువన వేడినీటి స్నానం బలాన్నిస్తుందనీ, అదే నీటిని తలపై పోసుకుంటే కేశాలకు, నేత్రాలకు హాని కలుగుతుందనీ స్పష్టంగా చెప్పాడు. అర్దిత వాతం, కంటి, చెవి, నోటి వ్యాధులు, అతిసారం, పడిశం, అజీర్ణం ఉన్నవారు, భోజనం చేసినవెంటనే ఎవరైనా, స్నానం మానాలన్నాడు. చరకుడు వివరించిన పదమూడు స్వేదాలలో అవగాహం, అంటే వేడిద్రవంలో కూర్చోవడం, ఒకటి. కూర్చోవడమే, మునగడం కాదు.

ఈనాటి వైద్యం ఇదే జాగ్రత్తను మరొక కారణంతో చెబుతున్నది. రోమనులనాటి వేడినీటి స్నానాలకు ప్రసిద్ధమైన ఇంగ్లండులోని బాత్ నగరంలో 1978లో ఒక బాలిక ఆ నీటిలో ఈది మెదడువాపుతో మరణించింది. వెచ్చని మంచినీటిలో పెరిగే అమీబా ముక్కు ద్వారా మెదడుకు ఎక్కింది. ఆ స్నానాలు మూసివేశారు. కొత్తగా బోరు వేసి, 2006లో గాని వేరొక స్నానశాల తెరవలేదు. మన పొరుగున కేరళలో 2024, 2025 సంవత్సరాలలో అమీబా మెదడువాపు వార్తలు పత్రికలలో చూసే ఉంటారు. వాగ్భటునికి అమీబా తెలుసునని నేననను. ఆయన నియమం పాటించినవానికి ముక్కులోకి నీరు పోదు, అంతే.

మరొక ప్రమాదం నేను కళ్లారా చూసినది. మా బంధువులలో ఒక పెద్దాయనకు చాలాకాలంగా మధుమేహం. పొరుగు రాష్ట్రంలో ఒక వేడినీటి క్షేత్రానికి వెళ్లి, మోకాళ్లవరకు నీటిలో పెట్టుకొని అరగంట కూర్చున్నారు. పాదాలకు స్పర్శ తగ్గి ఉన్నందువలన కాలుతున్నట్లు తెలియనే లేదు. మరునాటికి అరికాళ్లు బొబ్బలెక్కినవి. మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ గట్టున నీటివేడిని తెలిపే పలక ఒక్కటైనా లేదు.

బరంపురానికి పడమటనున్న తప్తపాణిలో నాకు నచ్చిన పద్ధతి ఒకటున్నది. 1936 దాకా మద్రాసు రాజధానిలో ఉండిన గంజాం జిల్లా అది; తెలుగువారికి బాగా తెలిసిన చోటే. ఊట ఉన్న కుండాన్ని దేవతకు విడిచి, ఆ నీటిని వేరుగా తెచ్చుకొని స్నానం చేసే ఏర్పాటు అక్కడ కల్పించారు. భక్తికీ లోటు లేదు, దేహానికీ లోటు లేదు. పగిడేరులోనూ ఈ పద్ధతే కావాలి: ఒక్కొక్కరికి ఒక్కొక్క తొట్టి, ప్రతిసారీ కొత్త నీరు, గోడమీద ఆనాటి ఉష్ణోగ్రత, పిలిస్తే పలికే వైద్యుడు. విశాలమైన ఈతకొలను, హోటలు ముందు కట్టి, ఇవి తరువాత చూద్దామంటే నేను ఒప్పుకోను. మునక వేయదలచినవారికి గోదావరి పక్కనే ఉన్నది.

మల్లూరు చింతామణి జలధారను సీసాలతో తెచ్చుకునే అలవాటు మనవారికున్నది. అది చన్నీటి ధార. వేడి ఊటలలో ఫ్లోరైడు, లవణాలు అధికంగా ఉండటం సాధారణం కనుక, పరీక్ష చేయించని వేడి ఊట నీటిని ఔషధమని తాగవద్దు.

అట్టి స్నానశాల వచ్చేదాకా సంధివాతం కలవారు ఇంట్లోనే అవగాహం చేసుకోవచ్చును. నడుముకు, మోకాళ్లకు నువ్వులనూనె మర్దించి, బాలింతలకు కాచినట్లే గుప్పెడు వావిలాకు వేసి కాచిన నీటిని తొట్టిలో పోసి, చన్నీటితో 38-40 డిగ్రీలకు తేవాలి. వేడిని ఇంట్లో మరొకరు మోచేయి ముంచి చూడాలి. మధుమేహం ఉన్నవారైతే తప్పనిసరిగా. నడుము మునిగేంత నీటిలో పది, పదిహేను నిమిషాలు కూర్చుంటే చాలు. గర్భిణులు, జ్వరం, పుండ్లు, గుండెజబ్బు, అదుపులేని రక్తపోటు ఉన్నవారు దీని జోలికి పోరాదు. లేచేటప్పుడు తల తిరగవచ్చును గనుక ఎవరైనా చేయి అందించాలి. ఒళ్లు తుడుచుకొని, గాలి తగలకుండా దుప్పటి కప్పుకొని కొంతసేపు పడుకోవాలి.