ఇంజను ఆయిలు మార్చుటకు గడువేది?

కారుగల గృహస్థులు నలుగురు కూడినచోట సంభాషణ ఎక్కడ మొదలైనను, ఎప్పుడో ఒకప్పుడు ఇంజను ఆయిలు దగ్గఱకు వచ్చి, అక్కడ రెండు పక్షములుగా చీలుట పరిపాటి. వీధిచివరి షెడ్డులోని మేస్త్రీ “అయిదువేలకు మార్చకపోతే ఇంజను పట్టేస్తుంది సార్” అనును. మారుతి, హ్యుందాయి వంటి సంస్థలు తమ పెట్రోలు కార్లలో పెక్కింటికి 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఏది ముందు వచ్చిన నది గడువని పుస్తకములో వ్రాయుచున్నవి. మేస్త్రీ మాట పూర్వానుభవమునుండి వచ్చినది. అంబాసిడర్లు, పద్మినీలు రోడ్లనేలిన దినములలో ఇంజనున పోసినది సాధారణ ఖనిజతైలము. దాని సత్తువ త్వరగా ఉడిగెడిది గనుక గడువును తక్కువగానే ఉండెను. నేటి 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 సింథటిక్ తైలములకు ఆ లెక్కనే వర్తింపజేయుట న్యాయము కాదు. అట్లని కంపెనీవారి అంకెను వేదవాక్యముగా గ్రహించుటయు తగదు.

ఇంజనులో తైలము చేయు పని, లోహమును లోహము ఒఱయకుండ నడుమ పొరగా నిలుచుటతో తీరిపోదు. అది పిస్టనుల వేడిని కొంత హరించును. దహనమున పుట్టిన మసిని ముద్దకట్టనీయక తనలో తేలించుకొని తిరుగును. అందే జనించు ఆమ్లములను, తనలో కలిపియుంచిన క్షారద్రవ్యములచే నిర్వీర్యము చేయును. ఈ చేర్పుద్రవ్యములు క్రమక్రమముగా వ్యయమై, ఎడతెగని వేడికి తైలము ఆక్సీకరణము చెంది చిక్కబడుటయే దాని వార్ధక్యము. మీటరుపై తిరుగు కిలోమీటర్లు ఈ వార్ధక్యమును ఉజ్జాయింపుగా మాత్రమే తెలుపగలవు.

విజయవాడ–హైదరాబాదు రహదారిపై సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగమున తిరుగు కారు 10,000 కిలోమీటర్లు పూర్తిచేయునప్పటికి దాని ఇంజను సుమారు 167 గంటలు పనిచేసియుండును. అమీర్‌పేట, పంజగుట్ట సిగ్నళ్ళ నడుమ గంటకు 20 కిలోమీటర్ల చొప్పున ఈడ్చుకొనిపోవు కారునకు అంతే దూరమునకు 500 గంటలు పట్టును. మీటరు ఒక్కటే చూపినను తైలము పడిన శ్రమ మూడింతలు. ఇది కంపెనీలకు తెలియనిది కాదు. పెక్కు పుస్తకములలో ‘కఠిన పరిస్థితులు’ అను శీర్షిక క్రింద దుమ్ముదారులు, కురుచ ప్రయాణములు, నిలుచుటయు కదలుటయుగా సాగు ట్రాఫిక్కు పేర్కొని, అట్టివారు గడువునకు ముందే మార్చవలెనని వ్రాసియే యున్నారు. ఆ పుటను తెఱచి చూచినవారు మాత్రము అరుదు.

అపార్టుమెంటు సెల్లారులో వారమంతయు నిద్రించి, ఆదివారమునాడు రైతుబజారుదాక పోయివచ్చు కారు సంగతి మఱింత విచిత్రము. ఇంజను నిండుగా వేడెక్కకమునుపే ఆగుటచే, దహనమున పుట్టిన నీటియావిరియు, మండక మిగిలిన పెట్రోలును తైలమున చేరి అక్కడనే నిలిచిపోవును; దూరప్రయాణపు వేడికి ఆవిరై పోవలసిన వవి. ‘నా బండి తిరిగినది మూడువేలే గదా’ యని రెండేండ్లు ఊరకుండువారు ఈ సంగతిని గుర్తింపవలెను.

మేస్త్రీ డిప్‌స్టిక్కును పైకి లాగి, బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ ఒక చుక్కను నలిపి, “చూడండి, నల్లబడిపోయింది” అనుట అందఱు నెఱిగిన దృశ్యము. డీజిలు కారున పోసిన క్రొత్త ఆయిలు కొలది దినములకే నల్లబడును. మసిని మోయుట దాని ధర్మము. రంగును జూచి తీర్పు చెప్పుట కుదరదు. డిప్‌స్టిక్కు నిజముగా చెప్పునది మట్టము. బండిని సమతలమున నిలిపి, ఇంజనాపి, కొన్ని నిమిషములు తాళి, పుల్లను గుడ్డతో తుడిచి మరల ముంచి తీసినచో, తడి రెండు గుర్తుల నడుమ ఉండవలెను. మట్టము క్రింది గుర్తునకు దిగువకు పోయినచో నిన్న పోసిన తైలమైనను ఇంజనును కాపాడజాలదు. బీఎస్-6 డీజిలు కార్లలో దీనికి విరుద్ధముగ మట్టము పెరుగుటయు కలదు: పొగగొట్టములోని ఫిల్టరును శుభ్రపఱచుటకై అదనముగ చిమ్మిన డీజిలు, పట్టణపు కురుచ ప్రయాణములలో కొంత ఆయిలులో చేరి దానిని పలుచన చేయును. పెరిగినదని సంతసింపక వెంటనే చూపించుకొనవలెను.

ఇక, జాగ్రత్త పేరిట అయిదువేలకే మార్చినచో నష్టమేమని కొందఱందురు. మార్చినప్పుడెల్ల మూడు నాలుగు లీటర్ల వాడిన నూనె బయటపడును. చట్టము దానిని ప్రమాదకర వ్యర్థముగా పరిగణించి, అనుమతిగల శుద్ధికేంద్రములకే చేర్చుమన్నది. షెడ్లనుండి అది కాలువలోనికో, సెంట్రింగు పలకలకు పూతగానో పోవుట మనము చూచుచునే యున్నాము.

కావున నా అభిప్రాయ మిది: రహదారులపై ఎక్కువగా తిరుగు పెట్రోలు కారునకు కంపెనీ గడువు చాలును, నగరమునందే తిరుగుదానికి ఆరేడువేలు సమంజసము, ఎంత తక్కువ తిరిగినను సంవత్సరము దాటనీయరాదు, ఆయిలు ఫిల్టరును ప్రతిసారియు మార్పింపవలెను. పాఠకులు ఈ ఆదివారము డాష్‌బోర్డు అఱలోని పుస్తకమును వెలికిదీసి తమ కారునకు చెప్పిన గ్రేడును చూచుకొని, తదుపరి సర్వీసింగు బిల్లుపై ఆ గ్రేడును, తేదీని, మీటరు అంకెను తప్పక వ్రాయించుకొందురు గాక.