కాశయ్య మాట్లాడింది మా యాసే

నటుడు కోట శ్రీనివాసరావు గారి మీద మీరు వేసిన నివాళి వ్యాసంలో రెండు సంగతులు ఒప్పుకోలేను. 1985 నాటి 'ప్రతిఘటన' ఆయన తొలి సినిమా కాదు. 1978లోనే 'ప్రాణం ఖరీదు'లో కనిపించారు. అది అంతకుముందు నాటకం, అందులో వేషం కట్టినవారే ఆయన. ఆయన విలనీ సినిమా నేర్పిన విద్య కాదు, నాటకాల్లో సానబట్టింది.

అసలు అభ్యంతరం వేరే. 'ప్రతిఘటన'లో ఆయన వేసిన కాశయ్య పాత్రతో తెలంగాణ యాసకు పట్టం కట్టారని రాశారు. పట్టమెక్కడిది? ఆ సినిమా ఆడుతున్న రోజుల్లో కోస్తాలో చదువుకుంటున్న నేను మెస్సులో "ఇంకింత పప్పు ఎయ్యన్నా" అంటే చాలు, "కాశయ్య వచ్చాడ్రా" అని బల్లలు చరిచి నవ్వేవారు. ఉర్దూ, కన్నడం కలగలిసిన మా జహీరాబాద్ మాట ఏళ్ల తరబడి తెర మీద రౌడీకీ, నవ్వించేవాడికే దక్కింది. హీరో నోట రాలేదు.

తప్పు నటుడిది కాదు. కోస్తాలోని కంకిపాడులో పుట్టి ఆ యాసను అంత సహజంగా పలికారంటే అది ఆయన ప్రతిభ. దాన్ని ఎవరి నోట పెట్టాలో తేల్చింది రాసినవాళ్లు, తీసినవాళ్లు. నివాళిలో ఆ సంగతీ రాయండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జహీరాబాద్