తారీఖు కార్డుది, మాది కాదు

అమ్మీ నల్లగొండ ఆస్పత్రిలో పదిరోజులుంది. ఆ పదిరోజులూ నేను షికాగోలో గ్రీన్ కార్డు చేతిలో పట్టుకుని కూచున్నాను. కార్డు మీది తారీఖు దాటి నెలయింది. పోతే మళ్లీ రానిస్తారా? పిల్లలిక్కడ, కొలువిక్కడ. పదకొండో రోజు అక్కడ ఫజర్ అజాన్ వేళకు, ఇక్కడ సాయంత్రం, అన్న ఫోన్ చేశాడు. జొహర్ నమాజ్ తర్వాత మట్టి ఇచ్చేశారు. మాలో మయ్యత్‌ని ఎక్కువసేపు ఉంచరు.

నన్నెవరు ఆపారు? చట్టం ఆపిందా? లేదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

నా కార్డు 2012 అక్టోబర్‌లో వచ్చింది. అందరికిచ్చినట్టే పదేళ్లకిచ్చారు. 2022 జూన్‌లో పౌరసత్వానికి ఎన్-400 ఫారం పెట్టాను. 725 డాలర్లు కట్టాను. కార్డు గడువుకింకా నాలుగు నెలలుంది. అప్పటి పద్ధతి ప్రకారం గడువు ఆరు నెలల లోపుంటే పౌరసత్వం దరఖాస్తు ఒక్కటే చాలదు. ఐ-90 ఫారం పెట్టి కొత్త కార్డు కూడా అడగాలి. దానికింకో 540 డాలర్లు. దోస్తులంతా ఒకటే మాట: "ఎందుకు దండగ? పౌరసత్వమొచ్చిన రోజు కార్డు వాళ్లకే వాపసు ఇచ్చెయ్యాలి గదా!" నిజమే. ప్రమాణం చేసే రోజు కార్డు లాక్కుంటారు. నాలుగు నెలల్లో అయిపోతుందనుకున్నాను. కాలేదు. అక్టోబర్ వచ్చింది. కార్డు గడువు తీరింది. ఫైలు కదల్లేదు.

నాతోపాటే అదే నెలలో గుంటూరాయన ఒకాయన దరఖాస్తు పెట్టాడు. మంచివాడు, అభ్యుదయవాది. మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగినవాడు. ఆయన కార్డు గడువు కూడా దాటింది. ఆయన ఆ కార్డుతోనే చెల్లెలి పెళ్లికి పోయి వచ్చాడు. ఏమీ కాలేదు. నా సంగతి తెలిసి నొచ్చుకున్నాడు. నొచ్చుకుని అన్నాడు: "మీరు మరీ భయపడతారు భాయ్. ఉత్త కాగితం పని అది. చట్టం అందరికీ ఒకటే."

చట్టం ఒకటే. నేనూ ఒప్పుకుంటాను. కానీ భయం ఒకటేనా? మహమ్మద్ అని మొదలయ్యే పేరు పెట్టుకుని విమానాశ్రయంలో వరసలో నిలబడ్డారా మీరెప్పుడైనా? నా భయాన్ని నా పిరికితనం ఖాతాలో రాయకండి. దానికో చరిత్ర ఉంది. వినండి.

1942లో యెమెన్‌లో పుట్టిన అహ్మద్ హసన్ అనే ఆయన మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టులో పౌరసత్వం అడిగాడు. అప్పట్లో తెల్లవాడని రుజువు చేసుకోవాలి. జడ్జి ఒప్పుకోలేదు. ఒంటి రంగుతోపాటు ఆయన ముస్లిం లోకానికి చెందినవాడు కావడాన్ని కూడా కారణంగా రాశాడు. రెండేళ్లకు, 1944లో, మసాచుసెట్స్‌లో ఇంకో జడ్జి ఇంకో అరబ్బుకు పౌరసత్వమిచ్చాడు. దేశం ఒకటే. చట్టం ఒకటే. చదివిన కళ్లు వేరు.

2001 తర్వాత పేర్ల తనిఖీ పేరుతో మావాళ్ల దరఖాస్తులు ఏళ్లకేళ్లు మూలపడ్డాయి. 2008లో పౌరసత్వ శాఖ లోపల 'కార్ప్' అనే పద్ధతి మొదలైంది. జాతీయ భద్రత అనుమానమున్న ఫైళ్లను పక్కన పెట్టడం దాని పని. ఆ ముద్ర పడిందని దరఖాస్తుదారుకి చెప్పరు. 2013లో అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ దక్షిణ కాలిఫోర్నియా శాఖ దీన్ని బయటపెట్టింది. 'ముస్లింలు దరఖాస్తు పెట్టనక్కర్లేదు' అన్నదే ఆ నివేదిక పేరు. 2017లో సియాటెల్ ఫెడరల్ కోర్టులో బాధితులందరి తరఫున దావా పడింది. నా ఫైలు ఆ మూలలో ఉందో లేదో నాకు తెలియదు. తెలియనివ్వకపోవడమే ఆ పద్ధతి.

2017 జనవరి 27 గుర్తుందా? ఏడు ముస్లిం దేశాలవాళ్లు రావద్దని ఉత్తర్వు. మొదటి రోజుల్లో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా విమానాశ్రయాల్లో ఆపేశారు. గడువు తీరని కార్డులు, నిఖార్సయిన కార్డులు! గ్రీన్ కార్డులవాళ్లకిది వర్తించదని చెప్పడానికి వాళ్లకు ఫిబ్రవరి 1 దాకా పట్టింది. మన దేశం ఆ పట్టికలో లేదు. అయినా ఆ రాత్రి మా ఇళ్లలో ఎవరూ నిద్రపోలేదు. అట్లాంటి రాత్రి గడిపినవాణ్ణి, గడువు తీరిన కార్డుతో బేఫికర్‌గా పోయిరమ్మంటే ఎట్లా పోతాను?

ఇంకో మాట. మన తెలుగు ఎన్నారైలు కొందరికి చేదుగా ఉంటుంది. ఉండనీయండి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు ఇదే దేశపు సుప్రీం కోర్టులో నిలబడ్డాడు. నేను ఉన్నత కులంవాణ్ణి, ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణి అని వాదించాడు. కోర్టు కాదు పొమ్మంది. కులం పనికి రాలేదు. 1946లో చట్టం మారిందాకా భారతీయులకు ఇక్కడ పౌరసత్వం తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపు బయట నిలబడ్డవాళ్ల వారసులే, ఇవాళ ఇక్కడ తమ కార్డు కోసం వరసలో ఉంటూనే, అక్కడ మా కాగితాలు తియ్యమంటున్నారు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వానికి మతం కొలబద్దగా పెట్టి, ముస్లింను తప్పించి చట్టం చేస్తే చప్పట్లు కొట్టారు. అదే ఏడాది ఆగస్టు 31న అస్సాం జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు గల్లంతైతే, వాళ్లలో హిందువులూ ముస్లింలూ ఉన్నా, ఎవరికీ నిద్ర చెడలేదు. మీ కార్డు ఆలస్యమైతే అన్యాయం, మా పేరు పోతే ప్రక్రియ! ఇదెక్కడి లెక్క?

సరే, వాళ్లనన్నాను. ఇప్పుడు మనవాళ్లను అనాలి. అనకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

మనం భయపడతాం. భయపడి ఏం చేస్తాం? నోరు మూసుకుంటాం. దుఆ చేయమంటాం. ఎవరో భాయ్‌కి తెలుసంటే ఆయన దగ్గరికి పరుగెత్తుతాం. చట్టంలో ఏముందో మాత్రం చదవం. నేనూ చదవలేదు. పదిరోజులు గోడవైపు చూశాను గానీ ఒక్క పేజీ చదవలేదు. అనుమానించినవాడిది ఎంత తప్పో, తెలుసుకోని నాది కూడా అంత తప్పు. అందుకే చదివి తెలుసుకున్నవి రాస్తున్నాను. ఎవరికన్నా అక్కరకొస్తాయి.

ఒకటి. పదేళ్ల గ్రీన్ కార్డు గడువు తీరితే తీరేది కార్డే. శాశ్వత నివాస హక్కు తీరదు. అట్లాగని కార్డును చులకన చెయ్యొద్దు. 18 నిండినవాళ్లు చెల్లే కార్డును ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని చట్టం. లేకపోతే 100 డాలర్ల దాకా జరిమానా, 30 రోజుల దాకా జైలు, లేదా రెండూ వెయ్యొచ్చని రాసి ఉంది.

రెండు. 2022 డిసెంబర్ 12 నుంచి పద్ధతి మారింది. ఆ రోజు, ఆ తర్వాత పౌరసత్వానికి పెట్టినవాళ్లకు వచ్చే రసీదు ఉత్తరమే కార్డు గడువును 24 నెలలు పొడిగిస్తుంది. పాత కార్డు, ఆ ఉత్తరం రెండూ కలిపి ఉంచుకోవాలి. కొలువుకూ ప్రయాణానికీ అవే రుజువు. ఐ-90 కోసం మళ్లీ డబ్బు కట్టే పని లేదు. కార్డు పోయినా, చిరిగినా మాత్రం ఐ-90 తప్పదు. ఆ తారీఖుకు ముందు పెట్టిన నాలాంటివాళ్లకు ఈ పొడిగింపు లేదు. అమ్మీ పోయిన మరుసటి నెలలో వచ్చింది ఈ సవరణ. వచ్చినా నాకు వర్తించలేదు.

మూడు. ఫారం పెట్టి రసీదు రానివాళ్లు, అత్యవసరమున్నవాళ్లు, శాఖవాళ్ల స్థానిక ఆఫీసులో పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవచ్చు. అదీ కార్డుతో సమానమే. దానికి ముందుగా సమయం అడిగి తీసుకోవాలి. అమ్మీ మంచానపడ్డ రోజు నేను చెయ్యాల్సిన పని అది.

నాలుగు. కొలువులో చేరేనాడు చెల్లే గ్రీన్ కార్డు చూపించి ఉంటే, తర్వాత గడువు తీరిందని కొత్తది తెమ్మని యజమాని అడగకూడదు. నన్నడిగారు. నేను తలవంచుకుని సంజాయిషీ చెప్పుకున్నాను. చెప్పాల్సింది సంజాయిషీ కాదు, చట్టం.

అయిదు. పౌరసత్వం ఇంటర్వ్యూ అయ్యాక 120 రోజుల్లో ఏ నిర్ణయమూ చెప్పకపోతే ఫెడరల్ జిల్లా కోర్టుకు పోవచ్చు. 2001 తర్వాత మూలపడ్డ ఫైళ్లు ఎన్నో ఈ దారినే కదిలాయి. కదిలించినవాళ్లలో మావాళ్లు చాలామంది. వాళ్లూ భయపడే ఉంటారు. భయపడుతూనే కోర్టుకెక్కారు.

నేను చివరికి ఐ-90 పెట్టాను. 540 కట్టాను. కొత్త కార్డొచ్చింది, పదేళ్లకు. ఇంకో ఏడాదికి పౌరసత్వమొచ్చింది. ప్రమాణం రోజు నిగనిగలాడే ఆ కార్డును బల్ల మీద పెట్టేసి వచ్చాను. దోస్తులు చెప్పినట్టు దండగే అయింది. కానీ ఆ 540 సమయానికి కట్టి ఉంటే ఆ రసీదు పట్టుకుని అమ్మీ మంచం పక్కన పదిరోజులు కూచునేవాణ్ణి. ఇప్పుడు చెప్పండి, ఏది దండగ?

గుంటూరాయనా, నీ మీద నాకు కోపం లేదు. ఉత్త కాగితం పని అని మాత్రం ఇంకోసారి అనకు. నాతో ఆ ఆఫీసుకు రా, పక్కన నిలబడు. అది చాలు.

మావాళ్లకు చెప్పేది ఒకటే. మీ కార్డు ఇవాళే తీసి వెనకా ముందూ చూసుకోండి. గడువు ఎప్పుడో, పౌరసత్వం ఫారం ఎప్పుడు పెట్టారో పక్కపక్కన రాసుకోండి. ఉత్తరం వచ్చి ఉంటే కార్డుతో కలిపి పెట్టుకోండి. ఇంటి నుంచి ఫోనొస్తే ఆ రెండూ జేబులో పెట్టుకుని బయల్దేరండి. ఆరు నెలలు దాటకుండా తిరిగి రండి. రానిస్తారా అని ఆలోచిస్తూ కూచోకండి. నేను కూచున్నాను.