కుర్చీ వేయించండి

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

చీరల షోరూముల్లో అమ్మకాలు చూసే ఆడవాళ్లు రోజంతా నిలబడే ఉంటారని మీకు తెలియనిది కాదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి ఇలాంటివాళ్లకు కూర్చునే హక్కు ఇచ్చాయి. మనకూ అంత స్పష్టమైన నిబంధన కావాలి. దాని వెంట తనిఖీ కూడా.

నేనూ అలా నిలబడి అమ్మే మనిషినే. పైగా నాకు కీళ్లవాతం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. పొద్దున్నే పిడికిలి ముడుచుకోదు, మోకాలు వంగదు. గంట దాటాక గానీ సడలవు. పదకొండింటికి చూసినవాళ్లు "బాగానే ఉన్నావుగా" అంటారు. వైకల్య పరీక్షలో 40 శాతం తేలకపోతే రిజర్వేషన్ లేదు. తేలినా, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 4 శాతం ఉద్యోగాలు ప్రభుత్వానివే, షోరూములవి కావు.

"తేలిక పని చూసుకోవమ్మా" అని సలహా. ఏది తేలిక? కుట్టుపనికి కత్తెర పట్టాలి, టిఫిన్ సెంటర్‌లో పిండి కలపాలి. నాకు నేత నాణ్యం తెలుసు, బేరం కుదర్చడం వచ్చు. చీరలు విప్పి మడతపెట్టే పని ఇంకొకరికిచ్చి, నన్ను పదకొండింటికి రమ్మంటే చాలు. జీతం ఆ గంటలకే ఇవ్వనివ్వండి.

ఇలాంటి పని దొరకాలంటే, జాబ్ మేళా దరఖాస్తులో రెండు గళ్లు చేర్చించండి: ఏ వేళల్లో చేయగలరు, ఎంతసేపు నిలబడగలరు. యజమానులకూ ఒక గడి పెట్టండి: కుర్చీ ఉందా, లేదా?

ఇట్లు,
ఒక సేల్స్ ఉద్యోగిని, హైదరాబాద్