దీపం ఎక్కడ పెట్టాలి?

“గూట్లో దీపం, నోట్లో ముద్ద” అని పూర్వం పెద్దలు అంటుండేవారు. సందెవేళ దీపం వెలిగించగానే భోజనం ముగించాలని దాని భావం. ఈ సామెతలో గృహనిర్మాణానికి సంబంధించిన ఒక మెలకువ కూడా దాగి ఉంది. దీపపుగూడు గోడ పూర్తయిన తరువాత తొలిచినది కాదు. తాపీమేస్త్రీ గోడ లేపుతున్నప్పుడే పొయ్యికి చేరువగా, గుమ్మానికి పక్కగా గూళ్లు విడిచిపెట్టేవాడు. ఆనాడు చమురు ఖరీదైనది, వెలుగు స్వల్పమైనది. అందుచేత దీపాన్ని ఎక్కడ పెడితే ఎక్కువమందికి ఎక్కువ ప్రయోజనం కలుగుతుందో ముందుగా ఆలోచించక తప్పేది కాదు.

విద్యుత్తు వచ్చాక ఆ ఆలోచన సన్నగిల్లింది. శ్రీకాకుళం నుంచి టెక్కలి వెళ్లే జాతీయ రహదారిపై ఉన్న నరసన్నపేట వస్త్ర, బంగారు వ్యాపారాలకు పేరొందిన పట్టణం. చుట్టుపక్కల గ్రామాలవారు కూడా అక్కడ స్థిరపడుతున్నారు. ఏటేటా కొత్త ఇళ్లు లేస్తున్నాయి. ఇటువంటి పట్టణాలలో ఇల్లు కట్టేవారు సింహద్వారం ఏ దిక్కున ఉండాలో వాస్తు పండితునితో చర్చిస్తారు. నేలకు వేసే రాయి రంగు కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు. దీపాల మాట వచ్చేసరికి మాత్రం, “లైటు ఎక్కడ పెట్టమంటారు?” అని కరెంటు మేస్త్రీ అడగగా, “గది మధ్యలో ఒకటి పెట్టు” అని క్షణంలో తేల్చేస్తారు. ఆ ఒక్క మాట ఫలితాన్ని ఇంటిల్లిపాదీ పాతికేళ్లు అనుభవిస్తారు.

ఉత్తరాంధ్ర పల్లెల ఇళ్ల తీరు ఈ సమస్యను మరింత జటిలం చేస్తుంది. అక్కడ అనేక వీధులలో ఇళ్లు ఒకే వరుసలో, గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఇరుపక్కలా కిటికీలకు తావుండదు. వెలుతురు వీధి వైపు నుంచి, పెరటి వైపు నుంచి మాత్రమే రావాలి. అందువల్ల నడిమి గది పట్టపగలే మసకబారి ఉంటుంది. పాత పెంకుటిళ్లవారు కప్పులో అక్కడక్కడ గాజుపెంకు అమర్చి ఈ లోపాన్ని సరిదిద్దుకున్నారు. పెంకు పోయి స్లాబు వచ్చినప్పుడు ఆ గాజుపెంకు చేసిన పనిని ఎవరు చేయాలన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. మెట్ల పైభాగాన గాజు కిటికీ ఉంచడం, గదుల మధ్య తలుపులపై వెలుతురు సాగే గాజు పలకలు అమర్చడం, గోడలకు తెల్లని సున్నం వేయడం దీనికి సులభమైన ఉపాయాలు. దీపాల ఏర్పాటు సూర్యకాంతి నుంచే మొదలు కావాలి. పగలు స్విచ్చు వేయనవసరం లేని గదే మంచి గది.

ఇక రాత్రి వెలుతురు విషయం. గదికి ఎన్ని దీపాలు కావాలన్నది మొదటి ప్రశ్న కాదు; ఆ గదిలో ఎవరు, ఎక్కడ కూర్చొని, ఏ పని చేస్తారన్నది మొదటి ప్రశ్న. భౌతికశాస్త్రం చెప్పే ఒక నియమం ఇక్కడ అక్కరకు వస్తుంది. దీపానికి దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు, మూడింతలైతే తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. ఆరడుగుల ఎత్తునున్న చిన్న బల్బు పుస్తకంపై కురిపించే వెలుగుకు, అదే బల్బు రెండడుగుల ఎత్తున ఉంటే దాదాపు తొమ్మిది రెట్లు లభిస్తుంది. కప్పు మధ్యన పెద్ద దీపం పెట్టి కరెంటు ఖర్చు చేయడం కంటే బల్లపై చిన్న దీపం పెట్టడమే వివేకం. కుడిచేతితో వ్రాసేవారికి ఆ దీపం ఎడమవైపు ఉండాలి. లేకపోతే చేతి నీడ అక్షరాలపై పడుతుంది. వంటింట్లోనూ ఇదే సూత్రం. దీపం వంట చేసేవారి వెనుక ఉంటే వారి నీడ పొయ్యిపైన, కత్తిపీటపైన పడుతుంది. అది వారికి ముందువైపున, గట్టుకు పైన ఉండాలి.

చాలా ఇళ్లలో జరిగేది ఇందుకు భిన్నం. ఎప్పుడో వచ్చే అతిథుల కోసం ముందుగది దేదీప్యమానంగా వెలుగుతుంది. రోజుకు నాలుగైదు గంటలు పనిచేసే ఇల్లాలి వంటింట్లో మసిపట్టిన బల్బు మిణుకుమిణుకుమంటుంది. పరీక్షలకు చదివే పిల్లవాడు టీవీ వెలుగులో ఒక మూలకు ఒదుగుతాడు. రాత్రివేళ లేచే తాతగారు స్నానాలగదికి గోడ తడుముకుంటూ నడుస్తారు. ఇంట్లో వెలుతురు ఎవరికి చేరుతున్నదో చూస్తే ఆ ఇంట్లో ఎవరి శ్రమకు విలువ ఉన్నదో తెలిసిపోతుంది. కనుక దీపాల అమరికను అలంకారంగా మాత్రమే భావించడం పొరపాటు. అది కుటుంబంలో న్యాయానికి సంబంధించిన విషయం.

“ఇప్పుడు బల్బులు చవక కదా! నాలుగు ఎక్కువ పెడితే సరిపోదా?” అని కొందరు వాదిస్తారు. బల్బులు చవకైన మాట నిజమే. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఎల్ఈడీ బల్బుల పంపిణీని మొదట చేపట్టిన నాలుగు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. నీలికాంతినిచ్చే ఎల్ఈడీని రూపొందించినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురా భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినది కూడా ఆ సంవత్సరమే. 60 వాట్ల పాతకాలపు బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు ఖర్చవుతుంది. దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి ఒకటిన్నర యూనిట్లు కూడా పట్టవు. ఇది పేదకుటుంబానికి గొప్ప వరం. అయితే చవకదనం ఆలోచనకు ప్రత్యామ్నాయం కాజాలదు. కళ్లలోకి సూటిగా కొట్టే వెలుగు చూపుకు శ్రమ కలిగిస్తుంది. తెల్లని నీలికాంతి రాత్రి పొద్దుపోయేదాకా ముఖాన పడితే నిద్ర దూరమవుతుంది. పనిచేసే చోట తెల్లని కాంతి, పడకగదిలో పసుపుదనం కలిసిన మందకాంతి ఉండటం మేలు.

చిన్నవిగా కనిపించే జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. ఫ్యాను రెక్కలకు పైన దీపం ఉంటే నీడలు తిరుగుతూ చదువరికి చికాకు పుట్టిస్తాయి. మెట్ల దీపాన్ని కింద వేసి, పైన ఆర్పే రెండువైపుల స్విచ్చు పెడితే వృద్ధులు జారిపడే ప్రమాదం తగ్గుతుంది. తుపాను సంగతి కూడా మరువరాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు నేలకూలి, శ్రీకాకుళం జిల్లాలోని ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకటిలో మునిగాయి. అటువంటి సీమలో ప్రతి ఇంటా బ్యాటరీతో వెలిగే దీపం ఒకటి, చీకటిలోనూ చేతికందే స్థిరమైన చోట ఉండాలి. దీపపుగూటి అవసరం నేటికీ తీరిపోలేదు.

ఈ ఏర్పాట్లకు ధనం కంటే ముందుచూపు ముఖ్యం. స్లాబులో కాంక్రీటు పోయకముందే వైర్లు సాగే పైపులు పరచాలి. ఆ రోజు దాటితే గోడలు తవ్వడం, పైపైన వైర్లు వేలాడదీయడం తప్ప మార్గముండదు. కాబట్టి పునాది దశలోనే ఇంటి పటం ఒక కాగితంపై గీసుకొని, పొయ్యి, చదువుబల్ల, మంచం, మెట్లు గుర్తించి, ప్రతిదాని పక్కన దీపం చుక్క పెట్టాలి. ఆ సమయంలో ఇల్లాలిని, పిల్లలను, వృద్ధులను కూడా సంప్రదించాలి. విద్యుత్ సూత్రాలు తరగతిగదిలో చదివిన విద్యార్థులు ఈ పటం గీసే పనికి పూనుకుంటే వారి చదువు ఇంటికి వెలుగవుతుంది.

“దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి” అన్నది లోకోక్తి. కొత్త ఇల్లు కట్టేవారు దానికి మరొక మాట జోడించుకోవాలి: ఇల్లు కడుతుండగానే దీపం చక్కబెట్టుకోవాలి.